మూడు రోజుల ముంబై ప్రయాణం – ముందుగా కూర్చుని లెక్క చూసుకుందాం



వానాకాలపు పంట ఇంటికి చేరి, పిల్లల సెలవులు దగ్గరపడే రోజుల్లో కొన్ని ఇళ్ళలో ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. "ఈసారి బొంబాయి పోయి సముద్రం చూసొద్దామా?" అని పిల్లలు అడుగుతారు. తల్లి తండ్రి ముఖం చూస్తుంది. తండ్రి జేబు చూసుకుంటాడు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సముద్రాన్ని కళ్ళతో చూడకుండానే ముసలితనానికి వచ్చినవారు ఎందరో ఉన్నారు. మనకు తెలిసిన పెద్ద నీళ్ళంటే సాగరు, జూరాల, వాన బాగా పడిన ఏడు ఊరి చెరువు. అంతే. గనుక సముద్రం చూడాలనే కోరిక తప్పు కాదు, ఆడంబరమూ కాదు. అయితే ఆ కోరిక తీర్చుకోవడానికి మిత్తికి అప్పు తేవలసి వస్తే, లేక బతుకబోయిన బంధువుల ఒంటి గదిలో ఏడుగురం దిగి వారిని ఇబ్బంది పెట్టవలసి వస్తే, చూసి వచ్చిన ఆనందం ఎక్కువ రోజులు నిలువదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు గదా! ఈ నెల ఈ శీర్షికలో మూడు రోజుల ముంబై ప్రయాణానికి అలాంటి లెక్క వేసి చూద్దాం.

సముద్రం చూడాలంటే మచిలీపట్నం ఉంది, విశాఖపట్నం ఉంది, మద్రాసు ఉంది. మరి ముంబై ఎందుకు? ఆ ఊరు మనకు పరాయిది కాదు గనుక. 1995లో పేరు ముంబైగా మారినా మన పెద్దలకు అది నేటికీ బొంబాయే. "మావాడు బొంబాయిల ఉన్నడు" అనే మాట వినిపించని పల్లె పాలమూరు జిల్లాలో అరుదు. పాత్రికేయులు పి. సాయినాథ్ గారు 2003లో రాసిన ఒక వ్యాసంలో, 1993 నాటికి మహబూబ్‌నగర్ నుండి ముంబైకి వారానికి ఒక్క బస్సు ఉండేదని, పదేళ్ళు తిరిగేసరికి ఆర్టీసీ బస్సులే వారానికి 34 అయ్యాయని తెలిపారు. ఆ బస్సులెక్కినవారు విహారానికి పోలేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని, పసిపిల్లలను చంకనెత్తుకుని పోయారు. తరువాతి కాలంలో కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్ళు అందిన ఊళ్ళలో వలస తగ్గింది గాని, అన్ని ఊళ్ళలో ఆగలేదు.

ఈ సంబంధం నిన్న మొన్నటిది కూడా కాదు. ముంబై ఒకప్పుడు ఏడు చిన్న దీవులు. 1661లో పోర్చుగీసు రాకుమారి కేథరిన్‌ను ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు ఇచ్చినప్పుడు ఆ దీవులు కట్నంగా వెళ్ళాయి. 1668లో రాజు వాటిని ఏడాదికి పది పౌండ్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైబడి మట్టి పోసి, రాళ్ళు పేర్చి, కట్టలు కట్టి దీవుల నడుమ సముద్రాన్ని పూడ్చారు. ఆ మట్టి మోయడానికి, రాళ్ళు కొట్టడానికి నిజాం రాజ్యం నుండి వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ కమాటీలు అని పిలిచారు. వారు గుడిసెలు వేసుకున్న చోటుకు కామాటిపుర అనే పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ పేట మరో విధంగా పేరు పడింది. కాని ఆ పేరు మొదట కష్టజీవుల పేరు. మనం తల దించుకోనక్కరలేదు. పేదరికం చేతనో మోసం చేతనో అక్కడికి చేరిన స్త్రీలు కూడా ఎవరి కడుపున పుట్టిన బిడ్డలో గదా! అది వేడుకగా చూడబోయే చోటు కాదని మాత్రం చెబుతున్నాము.

ఇక ప్రయాణపు ఏర్పాట్లు చూద్దాం.

మొదట కాలం. జూన్ నుండి సెప్టెంబరు వరకు ముంబైకి పోకపోవడం మంచిది. 2005 జూలై 26న ఆ నగరంలోని శాంతాక్రజ్ వద్ద ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మన జిల్లాల్లో మామూలుగా ఏడాదంతా కలిపినా అంత పడదు! వానాకాలంలో రైళ్ళు ఆగిపోవచ్చు, లాంచీలు నడవకపోవచ్చు, అలలు రోడ్డు మీదికి వస్తాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. మన పిల్లలకు సంక్రాంతి సెలవులు సరిపోతాయి. అయితే డిసెంబరు 6 దగ్గరి రోజులు తప్పించుకోండి. అది డాక్టర్ అంబేడ్కర్ గారి వర్ధంతి. దాదర్‌లోని చైత్యభూమికి ఆ రోజుల్లో లక్షలాదిమంది వస్తారు, రైళ్ళలో కాలు పెట్టే చోటు ఉండదు. ఆయనకు నివాళి అర్పించాలనుకుని వెళ్ళేవారి సంగతి వేరు.

రెండవది బండి. హైదరాబాదు నుండి ముంబైకి రైలులో సుమారు 790 కిలోమీటర్లు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ వంటి బండిలో మధ్యాహ్నం ఎక్కితే తాండూరు, వాడి, కలబురగి, షోలాపూర్, పుణె మీదుగా పోయి తెల్లవారుజామున దిగవచ్చు. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ వైపువారు హైదరాబాదు వచ్చి ఎక్కాలి. కోస్గి, కొడంగల్ వైపువారికి తాండూరు దగ్గర. మక్తల్, నారాయణపేట, గద్వాల వైపువారికి రాయచూరు స్టేషన్ వీలు. బెంగళూరు, మద్రాసుల నుండి ముంబై పోయే బండ్లు అక్కడ ఆగుతాయి. రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు దొరికేది. 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులకు తగ్గించారు. కాబట్టి జనవరి ప్రయాణానికి నవంబరులోనే కౌంటరుకు పోవాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. ఐదు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. వృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపివేశారు గనుక, పాత లెక్కతో సగం డబ్బే తీసుకుని పోకండి. టికెట్టు మీద చివరి స్టేషన్ పేరు కూడా చదవండి. కొన్ని బండ్లు ఊరి నడుమనున్న ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు పోతాయి; మరికొన్ని కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లోనే ఆగిపోతాయి. రెంటికీ నడుమ చాలా దూరం ఉన్నది.

మూడవది బస. ఇదే అన్నిటికన్నా సున్నితమైన సంగతి. "మన పెద్దమ్మ కొడుకు ఉన్నడు గదా, బస ఖర్చెందుకు?" అని అనుకుంటాం. కాని ముంబైలో మనవారి ఇల్లు అంటే ఏమిటో వెళ్ళేముందే తెలుసుకోవాలి. వర్లీలో 1920ల నాటి బి.డి.డి. చాళ్ళలో మన తెలుగువారు తరతరాలుగా కాపురమున్నారు. అక్కడ వంట, పడక, పిల్లల చదువు అన్నీ ఒక్క గదిలోనే. నీళ్ళు వచ్చేది కొంతసేపు. పాయఖానాలు అందరికీ కలిపి. భవన నిర్మాణం చోట రేకుల షెడ్డులో ఉండేవారి సంగతి చెప్పనక్కరలేదు. మనం వెళితే వారు కాదనరు. తాము బయట పడుకుని మనకు చోటిస్తారు, రోజు కూలి మానుకుని మన వెంట తిరుగుతారు, అప్పు చేసైనా కోడి కోస్తారు. అదే మనవారి గుణం. గనుక మనమే ముందుగా ఆలోచించాలి. కొలాబా, ఫోర్టు ప్రాంతాల్లో వై.ఎం.సి.ఎ., వై.డబ్ల్యు.సి.ఎ., సాల్వేషన్ ఆర్మీ వారి బసలు ఉన్నాయి. స్టేషన్లలో రైల్వే విశ్రాంతి గదులు ఉంటాయి. చోటు ఉన్నదా, అద్దె ఎంత అనేది నెల ముందే ఫోనులో అడిగి ఖాయం చేసుకోండి. మీ పాస్టరుగారి పరిచయ ఉత్తరం ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. బంధువుల ఇంటికి తప్పక వెళ్ళండి; పగటిపూట వెళ్ళి, కలిసి భోంచేసి, చీకటి పడకముందే బసకు రండి.

నాల్గవది డబ్బు. రానుపోను చార్జీలు, బస, తిండి, ఊరిలో తిరుగుడు, అనుకోని ఖర్చు అని ఐదు భాగాలు చేసి కాగితం మీద రాయండి. ఐదవ భాగాన్ని ముట్టుకోకుండా తల్లి దగ్గర విడిగా ఉంచండి. మొత్తం చూసి గుండె గుభేలుమంటే ఈ ఏడు ఆగండి. ఒక డిబ్బీ పెట్టి, పత్తి ఏరిన రోజున కొంత, పాలడబ్బు వచ్చిన రోజున కొంత వేస్తూ పోతే వచ్చే ఏటికి పిల్లలే లెక్కబెట్టి చెబుతారు. అలా కూడబెట్టిన డబ్బుతో చూసిన సముద్రం వారికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఇప్పుడు మూడు రోజులు ఎలా గడపాలో చూద్దాం. గురువారం బయలుదేరి శుక్రవారం తెల్లవారి దిగేటట్టు చూసుకోండి. ఎందుకో చివర అర్థమవుతుంది.

శుక్రవారం: దిగిన స్టేషనే మొదటి వింత. 1853 ఏప్రిల్ 16న మన దేశంలో ప్రయాణికుల మొదటి రైలు ఇక్కడి బోరీబందర్ నుండి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచింది. ఇప్పుడున్న భవనాన్ని 1878లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. 2004లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. 2008 నవంబరు 26 రాత్రి జరిగిన ఉగ్రవాదుల దాడిలో ఈ స్టేషన్లో రైలు కోసం కూర్చున్న పేద ప్రయాణికులే ఎందరో చనిపోయారు. ఒక నిమిషం మౌనంగా నిలబడితే పిల్లలకు అది కూడా ఒక పాఠం. బసలో స్నానం, విశ్రాంతి అయ్యాక ఫోర్టులోని సెయింట్ థామస్ కెథెడ్రల్‌కు నడిచిపోవచ్చు. 1718 క్రిస్మస్ నాడు తెరచిన ఈ దేవాలయం ఆ నగరంలో మొదటి ఆంగ్లికన్ చర్చి. కోటలో ఈ చర్చి వైపున్న ద్వారం పేరే చర్చిగేట్ స్టేషన్‌కు వచ్చింది. సాయంత్రం గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి రాకకు గుర్తుగా దీనిని తలపెట్టి, 1924 డిసెంబరు 4న ప్రారంభించారు. ఎత్తు 85 అడుగులు. రాజు వచ్చిన గుర్తుకు కట్టిన ఈ ద్వారం గుండానే 1948 ఫిబ్రవరి 28న ఆఖరి బ్రిటిషు పటాలం ఓడెక్కి వెళ్ళిపోయింది.

శనివారం: ఉదయమే లాంచీ ఎక్కి ఎలిఫెంటా దీవికి పోవాలి. సాగరులో నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళినవారికి ఈ ప్రయాణం కొంత తెలిసినట్టే ఉంటుంది. అయితే అది నిలిచిన నీరు, ఇది అలల నీరు. కడుపు నిండా తిని ఎక్కవద్దు. సుమారు గంట ప్రయాణం. ఎక్కగానే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా పిల్లలకు, లైఫ్ జాకెట్ అడిగి తొడిగించండి. ఇవ్వకపోతే దిగిపోండి, మొహమాటపడవద్దు. 2024 డిసెంబరు 18న ఇదే దారిలో పోతున్న ఒక లాంచీని నౌకాదళపు వేగపు పడవ ఢీకొని పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. దారిలో రేవు అంతా కనబడుతుంది: లంగరు వేసిన ఓడలు, యుద్ధనౌకలు, ఆవలి ఒడ్డున 1989లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రేవు. ఈ రేవులో 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తికి అంటుకున్న మంట పేలుడు సామానుకు పాకి వందలాదిమంది కూలీలు, అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మనం ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం పాటించేది వారి గుర్తుగానే. దీవిలో సుమారు 120 మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు నీడన కూర్చోవచ్చు. ఒకే కొండను లోపలికి తొలిచి చేసిన గుహలు, శిల్పాలు దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళనాటివి. ఉలి పట్టిన చేతి పనితనం ఏమిటో రాతిపని తెలిసిన మనవారికి చూడగానే తెలుస్తుంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు గుహల దగ్గర టికెట్టు లేదు. కోతులు చేతిలోని తిండి లాక్కుంటాయి, జాగ్రత్త. తిరుగు లాంచీ ఆఖరుది ఎప్పుడో దిగగానే అడిగి పెట్టుకోండి. సాయంత్రం మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చుని పొద్దు సముద్రంలో దిగడం చూడండి. దానికి టికెట్టు లేదు. గట్టు కింద రాళ్ళ మీదికి మాత్రం ఎవరినీ దిగనివ్వకండి. పాకుడు పట్టి జారుతాయి. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుందని చదువుకున్న పిల్లలు దానిని అక్కడ కళ్ళారా చూస్తారు.

ఆదివారం: ఉదయం ఆరాధన. ముంబైలో తెలుగు ఆరాధనలు జరిగే సంఘాలు ఉన్నాయి. ఏది దగ్గరో, ఎన్ని గంటలకో మీ పాస్టరుగారి ద్వారా, అక్కడి బంధువుల ద్వారా ముందే కనుక్కోండి. ఊరు విడిచి ఏళ్ళు గడిచినవారు తెలుగు పాట పాడుతున్నప్పుడు పక్కన నిలబడి పాడటం వేరే అనుభవం. మధ్యాహ్నం మనవారి ఇంటికి. వారికీ అది సెలవు దినం, మన కోసం కూలి మానుకోవలసిన పని ఉండదు. శుక్రవారం దిగమన్నది ఇందుకే. పైగా ఎలిఫెంటా గుహలు సోమవారం మూసి ఉంటాయి. ఆదివారాల్లో లోకల్ రైళ్ళ దారి మరమ్మతు కోసం కొన్ని గంటలు కొన్ని బండ్లు ఆపుతారు గనుక చేతిలో ఎక్కువ సమయం ఉంచుకుని బయలుదేరండి. మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిది నుండి పదకొండు వరకు, సాయంత్రం ఐదు తరువాత పిల్లలతో లోకల్ బండి ఎక్కే సాహసం చేయవద్దు.

వెళ్ళేటప్పుడు ఏం తీసుకుపోవాలి? బజారు మిఠాయి వారికి అక్కడే దొరుకుతుంది. మన పొలంలో కంది పప్పు, నువ్వులు, ఎండు మిర్చి, సకినాలు, ఊరి జొన్నపిండి తీసుకుపోండి. తల్లిదండ్రులు ఊరిలోనే ఉండి, కొడుకు అక్కడ ఉంటే, వీలైతే ఆ తల్లిని వెంట తీసుకుపోండి. ఆమె తన కొడుకు పంపిన డబ్బుతో ఇల్లు కప్పించుకుని ఉంటుంది. ఆ డబ్బు ఏ చోటు నుండి వచ్చిందో చూసి ఉండదు. మీ కుటుంబానికి ఒక బెర్తు ఖర్చు పెరుగుతుంది, నిజమే. కాని మూడు రోజుల్లో చూడదగిన వాటన్నిటిలో ఆ తల్లీకొడుకుల కలయికకు మించినది మాకు తోచడం లేదు. భోజనమయ్యాక, "నువ్వు కట్టిన బిల్డింగు చూపించు, మామా" అని పిల్లలను అడగనివ్వండి. అతడు వేలెత్తి చూపిన అంతస్తును వారు మెడలెత్తి చూస్తారు. మన సాగరు డ్యామును 1955 నుండి 1967 వరకు రాయి మీద రాయి పేర్చి నిలిపినవారిలో మన తాతలున్నారని చెబుతాం గదా! ముంబై మేడలకు కూడా అదే రక్తం, అదే చెమట అని అప్పుడు వారికి తెలుస్తుంది. కూలివాని బిడ్డననే చిన్నతనం పోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

చివరగా కొన్ని జాగ్రత్తలు. బంగారం ఇంటి దగ్గరే ఉంచండి. ప్రతి పిల్లవాని జేబులో తండ్రి పేరు, ఫోను నంబరు, బస చిరునామా రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే కదలకుండా పోలీసు దగ్గరో, టికెట్టు కౌంటరు దగ్గరో నిలబడాలని బయలుదేరకముందే నేర్పండి. తప్పిపోయిన పిల్లలకు 1098, రైలులో ఇబ్బందికి 139, ఆపదలో 112 నంబర్లు పని చేస్తాయి. గుర్తింపు కార్డులు, రోజూ వేసుకునే మందులు చేతిసంచిలో ఉండాలి. మనకు వచ్చిన కొద్దిపాటి హిందీ అక్కడ బాగానే సరిపోతుంది, భయపడవద్దు.

ఆదివారం రాత్రి బండి ఎక్కితే సోమవారానికి మన గడ్డ మీద ఉంటాం. అప్పు లేకుండా, ఎవరినీ నొప్పించకుండా, మనవారిని మరువకుండా వెళ్ళి వచ్చిన కుటుంబానికి మంగళవారం పొలం పని బరువుగా ఉండదు. ఇలా వెళ్ళి వచ్చినవారు తమ అనుభవాలను ఈ శీర్షికకు రాసి పంపితే, ఇంకా బయలుదేరనివారికి అవి మేలు చేస్తాయి. మీ రాకపోకలు క్షేమంగా ఉండును గాక.